డాక్యుమెంటరీ ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ప్రాక్టీస్ ఎలా చేయాలి (ముందు ఊ కొట్టడం మానండి)

ప్రతి సెమిస్టర్‌లో జూనియర్లు ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అన్నా ఏ మైక్ కొనాలి, కెమెరా అద్దెకి తీసుకోవాలా ఫోన్ సరిపోద్దా, ప్రశ్నలు ఎన్ని రాసుకోవాలి అని. ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

మాది పోచంపల్లి మగ్గాల మీద స్టూడెంట్ డాక్యుమెంటరీ. హైదరాబాద్ నుంచి ఓ 50 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే రాత్రికి రూమ్‌కి వచ్చేయొచ్చు అని ఆ సబ్జెక్ట్ తీసుకున్నాం, అంతకంటే గొప్ప కారణం ఏం లేదు. మొదటిసారి వెళ్ళి ఒక పెద్దాయన్ని గంటసేపు షూట్ చేశాం. బొమ్మ చాలా బాగొచ్చింది. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే ఆయన చెప్పే ప్రతి మాట మీదా నా గొంతే, "ఊ", "ఆఁ", "అవునా తాతా", "అబ్బో". కట్ చేద్దామంటే సందు లేదు. చిన్నప్పటి నుంచీ ఎవరన్నా ఏదన్నా చెప్తుంటే ఊ కొట్టడం మనకి అలవాటు, కొట్టకపోతే వినట్లేదు అనుకుంటారు కూడా, కానీ మైక్ ముందు అదే కొంప ముంచుతుంది. గంట ఫుటేజ్‌లో పనికొచ్చింది రెండు నిమిషాలు. మళ్ళీ వెళ్ళేముందు రెండు వారాలు హాస్టల్లో, ఇంట్లో, వీధి చివర టైలర్ షాపులో ప్రాక్టీస్ చేశాం, ఇక్కడ రాసేదంతా ఆ రెండు వారాల్లో తెలిసిందే. కెమెరా గురించి తక్కువ, అడిగేవాళ్ళ గురించి ఎక్కువ ఉంటది, ఎందుకంటే మా తప్పుల్లో ముప్పావు వంతు అడిగేవాళ్ళవే.

ఏమేం కావాలి

- ఫోన్ చాలు. ఐదారేళ్ళ లోపు మంచి ఫోన్ ఏదైనా ఓకే. కెమెరా అద్దెకి పెట్టే డబ్బులుంటే మైక్ మీద పెట్టండి.
- కాలర్ మైక్. వైర్ ఉన్నదే కొనండి, వైర్‌లెస్ కంటే చవక, మధ్యలో కనెక్షన్ పోయే గొడవ ఉండదు. మీ ఫోన్‌కి ఆడియో జాక్ లేకపోతే టైప్-సి కన్వర్టర్ కూడా తీసుకోండి. అన్ని కన్వర్టర్లూ మైక్‌ని పట్టుకోవు, కొన్ని పాటలు వినడానికి మాత్రమే, కాబట్టి షాపులోనే పెట్టి రికార్డ్ చేసి చూసి కొనండి.
- చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, వైర్ ఉన్నవి. బ్లూటూత్ వద్దు, ఆలస్యంగా వినిపిస్తది.
- ట్రైపాడ్. ఇది కాక ఒక చిన్న పీట గానీ నాలుగు ఇటుకలు గానీ, ఎందుకో కింద చెప్తా.
- పవర్ బ్యాంక్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, తెల్ల థర్మకోల్ షీట్ ఒకటి, ఒక నల్ల గుడ్డ, టేపు.
- ఫోన్‌లో కనీసం 20 జీబీ ఖాళీ. ఫుల్ హెచ్‌డీలో గంట వీడియో దాదాపు 4 నుంచి 8 జీబీ తింటది.
- అనుమతి కాగితం, తెలుగులో, పది లైన్లకి మించకుండా.

1. ముందు మీరే ఆ కుర్చీలో కూర్చోండి

దీన్ని అందరూ స్కిప్ చేస్తారు. ఫ్రెండ్‌ని కెమెరా వెనక కూర్చోబెట్టి, మిమ్మల్ని పది నిమిషాలు ఇంటర్వ్యూ చేయమనండి, సబ్జెక్ట్ ఏదైనా పర్లేదు, మీ ఊరు, మీ ఇంటర్ కాలేజీ, ఏదో ఒకటి. మొహం మీద లైట్ పెట్టుకుని, కాలర్‌కి మైక్ తగిలించుకుని, ఎదుటోడు కాగితంలో తర్వాతి ప్రశ్న వెతుక్కుంటుంటే ఎలా ఉంటదో అప్పుడు తెలుస్తది. మా వాడు నన్ను అడుగుతూ అడుగుతూ మధ్యలో ఫోన్ స్క్రీన్ వైపు చూశాడు, అంతే, నేను చెప్పేది ఆపేశా. బోర్ కొడుతోందేమో అనిపించింది. ఆ తాత దగ్గర నేను కూడా అలాగే కనీసం ఇరవైసార్లు చూసుంటా.

2. తర్వాత చేతిలో పని ఉన్న మనిషిని అడగండి

ఫ్రెండ్స్ మీద ప్రాక్టీస్ ఒకరోజు చాలు, వాళ్ళు నవ్వుతారు, మీరూ నవ్వుతారు. టైలర్, ఇస్త్రీ అతను, మెస్‌లో వంట చేసే అక్క, చెప్పులు కుట్టే పెద్దాయన, ఇలాంటి వాళ్ళని అడగండి. మేం టైలర్‌ని ఎందుకు పట్టుకున్నామంటే కుట్టుమిషన్ సౌండ్ మగ్గం సౌండ్‌కి దగ్గరగా ఉంటదని. పది నిమిషాలకి మించి అడగొద్దు, గిరాకీ టైమ్‌లో అసలే వెళ్ళొద్దు. కాలేజీ ప్రాక్టీస్ కోసం అని ముందే చెప్పండి, టీవీలో వస్తది అని మాత్రం చెప్పకండి, మావాడొకడు చెప్తే ఆ అన్న లోపలికెళ్ళి తల దువ్వుకుని షర్ట్ మార్చుకుని వచ్చాడు, తర్వాత వారం రోజులు ఏ ఛానెల్ తమ్ముడూ అని అడుగుతూనే ఉన్నాడు.

3. ప్రశ్నలు రాయండి, తర్వాత సగం కొట్టేయండి

"ఈ పని కష్టంగా ఉంటుందా?" అంటే "ఆఁ, ఉంటది" అంటారు. అయిపోయింది. "ఎన్నేళ్ళ నుంచి నేస్తున్నారు?" అంటే "ముప్ఫై". ఫైనల్ వీడియోలో మీ ప్రశ్న వినిపించదు కాబట్టి ఆ "ముప్ఫై" అన్న మాట దేనికీ పనికిరాదు. రెండు మార్గాలున్నాయి. ఒకటి, ముందే చెప్పడం: "తాతా, నా ప్రశ్న వీడియోలో రాదు, ఏం అడిగానో దాన్ని కలుపుకుని చెప్పు". చదువుకున్నోళ్ళ దగ్గర ఇది పనిచేస్తది, పెద్దవాళ్ళ దగ్గర మాత్రం వాళ్ళు దాని మీదే ధ్యాస పెట్టి అసలు విషయం మర్చిపోతారు. రెండోది, ప్రశ్నే అడక్కుండా "చెప్పు" అనడం: "మగ్గం మీద మొదటిసారి కూర్చున్న రోజు సంగతి చెప్పు తాతా". దీనికి ఒక్క ముక్కలో జవాబు రాదు.

ఇంకోటి, గూగుల్ చేస్తే దొరికేవి అడగొద్దు. పోచంపల్లి వెళ్ళి "మీ ఊరు ఎందుకు ఫేమస్?" అంటే ఎవరైనా ఒకటే చెప్తారు, 1951లో వినోబా భావే వచ్చారు, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చారు, అందుకే భూదాన్ పోచంపల్లి అంటారు. వచ్చిన ప్రతి కెమెరాకీ అది చెప్పీ చెప్పీ వాళ్ళకి కంఠతా వచ్చేసింది. దాన్ని మీరు ఒక టైటిల్ కార్డులో వేసుకోవచ్చు. ఆసు సంగతి తీసుకోండి, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పి పోయడం. చింతకింది మల్లేశం గారు వాళ్ళ అమ్మ పడే బాధ చూసి ఆసు మిషన్ తయారు చేశారని, 2017లో పద్మశ్రీ వచ్చిందని చదువుకుని వెళ్ళండి, కానీ అడగాల్సింది అది కాదు. "మిషన్ రాకముందు మీ ఇంట్లో ఆసు ఎవరు పోసేవాళ్ళు పెద్దమ్మా? పొద్దంతా పోశాక రాత్రి భుజం ఎట్లుండేది?" అని అడగండి. మేం ఇది అడిగితే ఆమె ఏం మాట్లాడకుండా ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుంది. డాక్యుమెంటరీ మొత్తంలో మంచి షాట్ అదే.

మాటలు కూడా ముందే నేర్చుకోండి. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు), నాడె (పేకని అటూ ఇటూ తీసుకెళ్ళేది), కండెలు (నాడెలో పెట్టే దారం చుట్టినవి), చిటికి (దారాన్ని కట్టి రంగులద్దే పద్ధతి), గుంట మగ్గం. ఇవి తెలియకుండా వెళ్తే "ఆ చెక్క వస్తువు", "ఆ దారం చుట్టేది" అంటారు, వాళ్ళు పాపం మీకు పాఠం చెప్పడం మొదలుపెడతారు, అక్కడితో ఇంటర్వ్యూ కాస్తా క్లాస్ అయిపోద్ది.

పదిహేను ప్రశ్నలు రాసుకుంటే ఏడు ఉంచండి. కాగితం ఒళ్ళో పెట్టుకోకండి, మీ టీమ్‌లో రెండోవాళ్ళ దగ్గర ఉంచి, చివర్లో "ఏమన్నా మర్చిపోయానా" అని వాళ్ళని అడగండి.

4. సౌండ్ (దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి)

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే చూడరు.

గదిలోకి వెళ్ళగానే ఒక్క నిమిషం అందరూ నోరు మూసుకుని కళ్ళు మూసుకుని కూర్చోండి. అప్పుడు వినపడతాయి ఫ్యాన్, ఫ్రిజ్, పక్కింటి కుక్కర్, కూరగాయల ఆటో మైకు, గుడి మైకు, కోళ్ళు. ఫ్యాన్ ఆపండి. మే నెలలో ఫ్యాన్ ఆపి పెద్దవాళ్ళని గంటసేపు కూర్చోబెట్టడం పాపం, ఎనిమిది నిమిషాలు మాట్లాడించి ఫ్యాన్ వేసి మంచినీళ్ళిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, అప్పుడు వెళ్ళేటప్పుడు ఆన్ చేయడం మర్చిపోరు. వాళ్ళ పాలు విరిగిపోతే మళ్ళీ ఆ గడప ఎక్కనివ్వరు.

మగ్గాలున్న వీధిలో ఇంకో తిప్పలు: మీరు కూర్చున్న ఇంట్లో మగ్గం ఆగినా పక్కింట్లో టకటకమని నడుస్తూనే ఉంటది. వాళ్ళని ఆపమనకండి. మగ్గం ఆగితే కూలి ఆగినట్టే, మీ సినిమా కోసం వాళ్ళు ఎందుకు ఆపాలి. మధ్యాహ్నం అన్నాల టైమ్ ఎప్పుడో కనుక్కుని ఆ గంటలో పెట్టుకోండి, వీధంతా ఒకేసారి నెమ్మదిస్తది. ఆగస్టు 7న వెళ్దాం, చేనేత దినోత్సవం కదా బాగుంటది అనుకోకండి, ఆరోజు మీటింగులు, సన్మానాలు ఉంటాయి, తీరిగ్గా మాట్లాడేవాళ్ళు దొరకరు.

మైక్ గడ్డం నుంచి ఒక జానెడు కింద, ఛాతీ మధ్యలో. మగవాళ్ళు పనిలో బనియన్ మీద ఉంటే బనియన్‌కే పెట్టి వైర్ టేపుతో అతికించండి, మైక్ పెట్టాలని కొత్త చొక్కా వేయించకండి. ఆడవాళ్ళకి మీరు తగిలించకండి, టీమ్‌లో అమ్మాయి ఉంటే ఆమె, లేకపోతే వాళ్ళకే ఇచ్చి ఎక్కడ పెట్టుకోవాలో చూపించండి. పుస్తెలతాడు మైక్‌కి తగిలి టిక్కుటిక్కుమంటది, గాజులు చెప్పక్కర్లేదు, పట్టుచీర పమిట అయితే మైక్ మీద రాసుకుని ఇసుక పోసినట్టు చప్పుడొస్తది. హెడ్‌ఫోన్స్‌లో వింటూ సర్దండి. తీసేయమని మాత్రం అడగకండి, మైక్‌నే జరపండి.

సౌండ్ లెవెల్ చూపించే యాప్ వాడితే గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి, సున్నాకి కొడితే ఆ ముక్క పగిలిపోయినట్టే, తర్వాత బాగుచేయలేం. "ఏం తిన్నారు పొద్దున" అని అడిగి లెవెల్ సెట్ చేస్తారు అందరూ, నేనైతే "మీ మనవళ్ళ గురించి చెప్పండి" అంటా, మామూలు గొంతు కాదు, సంతోషం వచ్చినప్పటి గొంతు తెలుస్తది.

కొన్ని వైర్ మైకులకి మధ్యలో చిన్న డబ్బా, దాని మీద ఫోన్, కెమెరా అని స్విచ్ ఉంటది. అది తప్పు వైపు ఉంటే సౌండ్ రాదు, వచ్చినా నూతిలోంచి వచ్చినట్టుంటది. మేం ఒక మధ్యాహ్నం మొత్తం ఇలాగే పోగొట్టుకున్నాం.

5. కూర్చోబెట్టడం, వెలుగు

అడిగేవాళ్ళు కెమెరా పక్కనే, లెన్స్‌కి ఆనుకున్నట్టు కూర్చోవాలి, కళ్ళు లెన్స్ ఎత్తులో ఉండాలి. మీరు నిలబడి అడిగితే ఆయన తల పైకెత్తి చూస్తాడు, వీడియోలో ఎవర్నో బతిమాలుతున్నట్టుంటది. గుంట మగ్గంలో నేసేవాళ్ళు కాళ్ళు గుంటలో పెట్టి నేలమట్టం మీద కూర్చుంటారు, ట్రైపాడ్ ఎంత దించినా ఎత్తే. అందుకే పీట, ఇటుకలు. ఫోన్ ఇటుకల మీద, మీరు నేల మీద.

కిటికీ పక్కకి ఉండాలి, వెనక ఉంటే మొహం నల్లగా వస్తది. రెండో వైపు చీకటి ఎక్కువైతే థర్మకోల్ షీట్ పట్టుకోండి. కిటికీలోంచి ఎండ సూటిగా పడితే నల్ల గుడ్డ కట్టండి. చూసే వైపు కొంచెం ఖాళీ వదలండి. గోడ మీద ఫొటోలు, క్యాలెండర్ ఉండనివ్వండి, తీయొద్దు, అది వాళ్ళ ఇల్లు.

6. ఫోన్ సెట్టింగ్స్

ఫ్లైట్ మోడ్, తప్పనిసరి. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద సెకనుకి 25 ఫ్రేములు, షటర్ స్పీడ్ 1/50 సెకను పెడితే మినుకు రాదు, 30 ఫ్రేములే ఉంటే షటర్ 1/50 గానీ 1/100 గానీ. ఇది మార్చడానికి మామూలు కెమెరా యాప్ ఒప్పుకోకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీగానే దొరుకుద్ది. ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయండి, లేకపోతే ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా ఫోకస్ చేతి మీదకి పోయి వస్తుంటది. లెన్స్ తుడవండి. నవ్వకండి, మా మొదటి రెండు ప్రాక్టీసుల్లో లెన్స్ మీద వేలిముద్రే.

7. మాట్లాడించడం

కెమెరా ఆన్ అనగానే మనుషుల భాష మారిపోద్ది. అప్పటిదాకా "మా నాయన నేర్పిండు" అన్నాయన ఒక్కసారిగా "మా తండ్రిగారి వద్ద నుండి ఈ వృత్తిని నేర్చుకొనుట జరిగింది" అంటాడు. టీవీ చూసి చూసి కెమెరా ముందు అలా మాట్లాడాలేమో అనుకుంటారు. సగం తప్పు మనది, మనం "మీ వృత్తిలో ఎదుర్కొంటున్న సమస్యలు ఏమిటి" అని అడిగితే ఆయన వార్తల్లో లాగే జవాబిస్తాడు. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా అడగండి. రోలింగ్, యాక్షన్ లాంటివి అనకండి. అనుమతి తీసుకున్నాక, మైక్ తగిలిస్తున్నప్పుడే రికార్డింగ్ నొక్కేయండి, "ఇప్పటినుంచి రికార్డ్ అవుతుంటది తాతా, మనం మామూలుగా మాట్లాడుకుందాం" అని చెప్పి కబుర్లలోంచే మొదలుపెట్టండి. మొదటి ఐదు నిమిషాలు ఎలాగూ పనికిరాదు, దాన్ని మీ ఏడు ప్రశ్నల్లో దేనికీ ఖర్చు పెట్టకండి.

ఇక ఊ కొట్టడం. తలూపండి, కళ్ళతో వినండి, నోరు మాత్రం తెరవకండి. ప్రాక్టీస్‌లో మేం పెట్టుకున్న రూల్ ఏంటంటే ఊ అన్న ప్రతిసారి పది రూపాయలు డబ్బాలో వేయాలి. మొదటి రోజు నావి నూట ఎనభై. మూడో రోజుకి ముప్ఫై. పెద్దవాళ్ళకి మాత్రం ముందే చెప్పండి, "నేను ఊ కొట్టను, మైక్‌లో పడతది, కానీ వింటూనే ఉంటా", లేకపోతే చిన్నబుచ్చుకుంటారు.

జవాబు అయిపోయింది అనుకున్నాక మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు చాలా పొడుగ్గా ఉంటాయి. నాలుగో అంకె దగ్గర వాళ్ళే మళ్ళీ మొదలుపెడతారు, అసలు మాట చాలాసార్లు అప్పుడే వస్తది. కానీ ఎవరైనా ఏడుపు ఆపుకుంటుంటే ఈ ట్రిక్ ఆడకండి. నీళ్ళివ్వండి, కావాలంటే ఆపేయండి, మీకు మార్కులు తక్కువొస్తే ఏం కాదు.

చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే పెట్టుకోండి: "నేను అడగనిది మీకు చెప్పాలనిపించింది ఏమన్నా ఉందా?" తర్వాత అందరూ కదలకుండా 30 సెకన్లు ఖాళీ గది చప్పుడు రికార్డ్ చేయండి, ఎడిటింగ్‌లో అతుకుల దగ్గర అదే కాపాడుద్ది. మైక్ తీశాక టీ తాగుతూ చెప్పేవి ఇంకా బాగుంటాయి, అవి దొంగతనంగా రికార్డ్ చేయకండి, "ఇది మళ్ళీ ఒకసారి చెప్తారా" అని అడగండి, ఒప్పుకుంటే మంచిది, లేకపోతే వదిలేయండి.

8. చేతులు, వస్తువులు

మాటలు అయిపోయాక సంచి సర్దకండి. ఆయన చెప్పినవన్నీ విడిగా తీయండి: నాడె, రంగు అంటిన గోళ్ళు, గుంటలో కాళ్ళు, గోడ మీద ఫొటో. ఒక్కో షాట్ కదపకుండా పది సెకన్లు. మగ్గం సౌండ్ కూడా విడిగా రెండు నిమిషాలు. ఇవి లేకపోతే గంటసేపు మొహమే చూపించాలి, కట్ చేసిన ప్రతిచోటా తల ఎగిరిపడ్డట్టు కనపడుద్ది.

9. సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

అక్కడే, ఇల్లు వదలకముందే: మొదట్లో, మధ్యలో, చివర ఒక్కో 30 సెకన్లు హెడ్‌ఫోన్స్‌తో వినండి. మొదటి ముక్క మాత్రమే విని వచ్చేవాళ్ళకి మధ్యలో వైర్ ఊడిన సంగతి రూమ్‌కి వచ్చాకే తెలుస్తది.

ఆ రాత్రే: ఫైల్స్ రెండుచోట్ల కాపీ చేయండి, కాపీ అయిన ఫైల్ తెరిచి చూశాకే ఫోన్‌లోంచి తీసేయండి. తర్వాత కళ్ళు మూసుకుని మొత్తం వినండి, ఎక్కడ మాట అర్థం కాలేదో టైమ్ రాసుకోండి. ఇంకోసారి మ్యూట్‌లో చూడండి, ఎక్కడ ఆయన చూపు లెన్స్ వైపు, పక్కన నిలబడ్డ పిల్లల వైపు పోయిందో కనపడుద్ది. ఆఖరి టెస్ట్, సబ్జెక్ట్ తెలియని ఒకర్ని పట్టుకుని మీ ప్రశ్నలు తీసేసిన మూడు నిమిషాల కట్ చూపించండి. "ఈయన దేని గురించి చెప్తున్నాడు?" అని వాళ్ళు అడిగితే మీ ప్రశ్నలు ఫెయిల్.

ఎడిటింగ్‌లో పెదాలకీ మాటకీ పోనుపోను తేడా వస్తుంటే కంగారు పడకండి, చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటుని అటూ ఇటూ మారుస్తూ రికార్డ్ చేస్తాయి, హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటు పెట్టి మార్చుకున్నాక ఎడిటింగ్‌లోకి తీసుకోండి. సౌండ్ విడిగా వేరే ఫోన్‌లో తీసుకుంటే మొదట్లో ఒక చప్పట్లు కొట్టండి, కలపడం ఈజీ.

10. అనుమతి, తర్వాత చూపించడం

కాగితం మీద సంతకం అంటే కొందరు భయపడతారు, భూమి కాగితాలేమో అనుకుంటారు. అలాంటప్పుడు కెమెరా ముందే పేరు చెప్పి, ఎందుకు తీస్తున్నామో, ఎక్కడ చూపిస్తామో మీరు చెప్పి, సరే అని వాళ్ళ నోటితో రికార్డ్ చేయండి. యూట్యూబ్‌లో పెడతామా, కాలేజీలోనే చూపిస్తామా అనేది విడిగా అడగండి. పిల్లలైతే అమ్మానాన్నలని అడగకుండా తీయకండి.

సినిమా పూర్తయ్యాక వాళ్ళకి పంపుతాం అని అందరం చెప్తాం, ఎవరం పంపం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోద్ది, డాక్యుమెంట్ లాగా అటాచ్ చేయండి, 2 జీబీ దాకా వెళ్తది. మేం మాత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. తాత మొత్తం చూసి, "మగ్గం చప్పుడు తక్కువ పెట్టినవ్ బిడ్డా" అన్నాడు. నిజమే, పెంచి మళ్ళీ రెండర్ కొట్టాం.